కొండచిలువ నమిలిన మిరపకాయలు

చలికాలం మొదలవగానే మా ఆవిడ బీరువాలోంచి దుప్పట్లు తీస్తుంది. కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకు అందరికీ చలి గుర్తొస్తే, నాకు మాత్రం ఒక కొండచిలువ, దాని పక్కన కొంగు నడుముకు దోపుకుని నిలబడ్డ ఎస్తేరు మేడం గుర్తొస్తారు.

గుంటూరులో నేను డిగ్రీ చదివిన మిషన్ కాలేజీలో ఫీజు కట్టలేని పిల్లలకు క్లాసులయ్యాక ఏదో ఒక పని ఇచ్చి, ఆ కూలిని ఫీజు కింద జమ చేసుకునేవారు. కొందరు మొక్కలకు నీళ్ళు పట్టేవారు, కొందరు లైబ్రరీలో పుస్తకాలు సర్దేవారు. నన్ను జువాలజీ మ్యూజియంకు వేశారు. దాన్ని చూసుకునే లెక్చరరే ఎస్తేరు మేడం. పాముల సీసాలు తుడవడం, బీరువాల్లో కలరా ఉండలు వేయడం, శనివారాలు బడిపిల్లలొస్తే అన్నీ చూపించడం నా ఉద్యోగం. "చచ్చినవాటికి కాపలా కాసినా కూలిస్తారంట!" అని మా నాన్న మా ఊరు ప్రత్తిపాడంతా చెప్పుకుని మురిసిపోయాడు.

మొదటి శనివారమే పిల్లలు ఆవులించారు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళను అద్దాల పెట్టెలోని కొండచిలువ అస్థిపంజరం ముందు నిలబెట్టి, "ఇది మిర్చియార్డులో దూరి ఒక బస్తాడు మిరపకాయలు నమిలి మింగింది. ఆ మంటకు పరుగో పరుగు! కొత్తపట్నం దగ్గర సముద్రంలో పడేదాకా ఆగలేదు. అక్కడి చేపలకు ఇప్పటికీ కారం పట్టించక్కర్లేదు" అన్నాను. ఆవులింతలు మాయం. వెనక్కి తిరిగితే ప్రిన్సిపాల్ గారు, పక్కనే మేడం!

"ఈ అబ్బాయి వద్దమ్మా. సైన్సు గదిలో ఈ కోతలేంటి?" అన్నారాయన మేడంతో. ఆ పని పోతే నా డిగ్రీ పోయినట్టే. నాన్న వెనకే పత్తి తీతకు వెళ్ళాలి.

"వచ్చే శనివారం ఒక్కసారి వినండి సార్. అప్పుడూ నచ్చకపోతే నేనే పంపించేస్తాను" అన్నారు మేడం.

ఆయన వెళ్ళగానే నేను చేతులు కట్టుకుని, "ఇక అబద్ధాలు చెప్పనండి" అన్నాను.

"ఎవరు మానమన్నార్రా? దొరికిపోయేటట్టు చెప్పు. ఆ ఎముకలు చూసి పిల్లలే నిన్ను పట్టుకోవాలి. పట్టుకున్నోళ్ళకి వేరుశనగ పప్పుండ. ఖర్చు నాది."

దొరికిపోవాలంటే ముందు నిజం తెలియాలి కదా! ఆ వారమంతా ఆవిడ నాకు కొండచిలువను ఎముక ఎముకా నేర్పించారు.

శనివారం మళ్ళీ అదే కథ. గుమ్మం దగ్గర ప్రిన్సిపాల్ గారు, మొహం గంటుపెట్టుకుని. "నమిలి నమిలి మింగింది" అన్నానో లేదో, రెండు జడల పిల్ల ఒకతె అద్దానికి ముక్కు ఆనించింది.

"ఆగాగు అన్నా! దీని పళ్ళన్నీ కొక్కేల్లాగా లోపలికి వంగున్నాయి. నమిలేదెట్టా?"

అంతే, పిల్లలందరూ అద్దం మీద పడ్డారు. ప్రిన్సిపాల్ గారికీ ఉండబట్టలేదు. "మరి పరుగెత్తిందన్నావు, కాళ్ళేవయ్యా?"

"తోక మొదట్లో చూడండి సార్. ఒకప్పటి కాళ్ళ గుర్తులు, చిన్న ఎముకలు" అన్నారు మేడం.

ఆయన వంగి చూడబోయి నుదురు అద్దానికి ఠంగుమని కొట్టుకున్నారు. "ఉన్నాయే!" అని చిన్నపిల్లాడిలా అరిచారు. నా పని నిలిచింది. ఆయనకూ ఒక ఉండ దక్కింది, కలరా ఉండ కాదులెండి, పప్పుండే.

ఇప్పటికీ ఏ కథ మొదలుపెట్టినా, అందులో నేను దొరికిపోయే చోటు ఎక్కడుందో ముందే చూసుకుంటాను. నోరు తెరుచుకుని నమ్మేవాళ్ళకంటే "ఆగు బాబాయ్, అదెట్టా?" అనేవాళ్ళే నాకు ముద్దు. మేడం రిటైరై ఒంగోలులో ఉంటున్నారు. ఫోన్ చేస్తే నా ఆరోగ్యం సంగతి అడగరు.

"ఈ వారం ఎవరన్నా పట్టుకున్నారా?"

"ముగ్గురండీ."

"అయితే కులాసాగానే ఉన్నావన్నమాట."