కిడ్నీల పండితుడు మా బావ

మా అక్క మొగుడు దర్జీ. కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలిన నాటి నుంచి సగం డాక్టరు కూడా. ప్రొటీన్యూరియా, నెఫ్రైటిస్, క్రియాటినిన్, అన్నీ ఆయనకు నోటికి వచ్చు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు వాళ్లింటి రిపోర్టులు కూడా తెచ్చేవారు. "నేత వదులైన గుడ్డలోంచి పిండి జారిపోదూ? అలాగే మూత్రంలో ప్రొటీన్ పోతోందమ్మా" అని మెడలో టేపు సవరించుకుంటూ చెప్పేవాడు. వినేవాళ్లకు ముచ్చటే. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఎందుకంటే, డాక్టరు చెప్పిన అసలు పని ఆయన చెయ్యలేదు. త్వరలో డయాలసిస్ తప్పదు, ముందే ఎడమ చేతికి ఫిస్టులా పెట్టించుకో, అది పనికి రావడానికి వారాలు పడుతుంది అన్నారు. అంటే సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టడం. ఈయనేమో ఈ వారం యూనిఫారాలంటాడు, వచ్చే వారం కర్టెన్లంటాడు. అక్క చెప్పీ చెప్పీ నోరు పడిపోయి నన్ను పిలిచింది. ఇద్దరం కలిసి ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లాం.

ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఒక పెద్దాయన వణికిపోతున్నాడు. ఆయనదీ అదే ఆపరేషన్. బావ పక్కన చేరి ఎంత చక్కగా విడమర్చాడంటే, ఆయన నవ్వుకుంటూ లోపలికి వెళ్లాడు. తరవాత నర్సు బావ పేరు పిలిచింది. చూస్తే మనిషి లేడు.

గేటు దగ్గర దొరికాడు, ఎడమ చేతిని చంకలో దాచుకుని.

"ఊరందరికీ చెప్తావు, నీకేమొచ్చింది బావా?" అని కడిగేశాను.

"మిషన్ మీద గుడ్డ నడిపేది ఈ చెయ్యే మరదలా. పట్టు తప్పితే నేనేం చెయ్యను? భయమేస్తోందే."

ఇన్నాళ్లలో ఈ జబ్బు గురించి ఆయన నోట ఒక్క మామూలు మాట వినడం అదే మొదటిసారి.

"ఆ ముక్క నాతో అనుంటే నేనూ మీతోపాటు భయపడేదాన్ని కదండీ" అంది అక్క. ఆమెకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బుజ్జగించి వెనక్కి తీసుకెళ్లేసరికి ఆయన వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. మళ్లీ రమ్మన్న రోజు రాకముందే బావకు ఊపిరాడలేదు. చేతికి ఫిస్టులా లేదు కనక మెడలో గొట్టం పెట్టి అప్పటికప్పుడు డయాలసిస్ చేశారు.

పక్క మంచం మీదాయన బావ మెడ వంక బెదురుగా చూసి, "అదేంటండీ, ఎందుకు పెట్టారు?" అని అడిగాడు.

బావ కళ్లు మూసుకున్నాడు.

"నాకేం తెలుసండీ" అన్నాడు. "మా ఆవిణ్ణి అడగండి."