దేవదానం తాత చూపిన రాయి

మా దేవదానం తాతకు ఒకటే జబ్బు. మనిషి కనపడితే చాలు, చెయ్యి పట్టుకుని బాప్తిస్టు మందిరం చరిత్ర చెప్పేవాడు. చరిత్రతో ఊరుకుంటే బాగుండేది, కొలతలు కూడా చెప్పేవాడు. నకరికల్లు దగ్గర మా ఊళ్లో ఉన్న ఆ మందిరంలో ఆయన పని గంట కొట్టడం, అంతే.

నిజానికి అక్కడ చూడటానికేమీ లేదు. గోపురం లేదు, బొమ్మల్లేవు, రంగుటద్దాల్లేవు. నాలుగు రాతి గోడలు, పైన పెంకులు, వేదిక కింద బాప్తిస్మపు తొట్టి. ఆ ఏమీ లేకపోవడం గురించే తాత గంటసేపు మాట్లాడగలడు.

"బొమ్మలెందుకు లేవో తెలుసటయ్యా?" అని గ్యాస్ బండ మోసుకొచ్చిన మస్తాన్‌రావును ఆపాడు ఒకసారి.

"తెలవదు తాతా. బండ బరువుగా ఉంది."

"దించు. వాక్యం చెవుల్తో వినేది, కళ్లతో కాదు. అందుకని. గోడ మందం రెండడుగుల మూడంగుళాలు. అంతా గానుగ సున్నం, సిమెంటు చుక్క లేదు."

మస్తాన్‌రావు సగంలోనే బండెత్తుకుని పారిపోయాడు. మళ్లీ మా వీధికి రాలేదు. అప్పటినుంచి మా బండలు మేమే సెంటర్ నుంచి మోసుకుంటున్నాం.

మైకుసెట్టు బాగుచెయ్యడానికొచ్చిన సర్దార్‌కూ తప్పలేదు. "మేం మాచర్లోళ్లం, సాయిబులం తాతా" అని తప్పించుకోబోయాడు. "మరీ మంచిది. కింద పరిచిన నాపరాళ్లు మాచర్లవే" అన్నాడు తాత. సర్దార్ బయటపడేసరికి దీపాలు పెట్టే వేళైంది.

కిందటి వానాకాలం పడమటి గోడ చీలింది. దూలాలు అంతకుముందే చెదలకు పోయాయి. ఇంకొక్క గాలివాన వస్తే మనుషుల మీద పడుతుందన్నాడు ఇంజినీరు. పడగొట్టాలని సంఘం తీర్మానించింది. సెక్రటరీని నేనే కాబట్టి సంతకం నేనే పెట్టాను. ఆ రోజు నుంచి తాత చరిత్ర చెప్పడం మానేసి మంచం పట్టాడు. ఊరంతా దిగులు. నాకైతే అన్నం సయించలేదు.

ఆదివారం ఆరాధనలో మైకులో ఒక ప్రకటన చేశాను. "మీ పెద్దలు మోసిన రాయేదో తెలిసినవాళ్లు రేపు పడగొట్టేటప్పుడొచ్చి ఇంటికి తీసుకుపోవచ్చు." ఆ మాట నా స్వార్థం కొద్దీ అన్నదే. గుమ్మానికి ఎడమపక్క, ఎర్ర చారున్న రాయి మా ముత్తవ్వది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, మందిరం పక్క హాస్టల్లో ఉండగా, తాత నా చెయ్యి దాని మీద పెట్టి చెవిలో చెప్పాడు. "కరువులో నెత్తినెట్టుకుని మోసిందిరా మీ ముత్తవ్వ. ఎవుళ్లకీ చెప్పమాక." యాభై ఏళ్లు నేను ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పొద్దున్నే చంకలో గోనెసంచితో పోయాను. ఆ రాయి ముందు అప్పటికే ముప్పై ఆరు మంది ఉన్నారు. అందరి చంకల్లోనూ గోనెసంచులే. వెనకెక్కడో సర్దార్ కూడా నిలబడ్డాడు.

"నీకేం పనయ్యా ఇక్కడ?"

"మా తాతోళ్ల నాయన బండి మీద తోలుకొచ్చిన రాయంట సార్. ఎవుళ్లకీ చెప్పమాకన్నాడు."

నాకు ఒళ్లు మండింది. నేరుగా తాత మంచం దగ్గరికి పోయాను.

"అసలా రాయి ఎవరు మోశారు తాతా?"

"నాకేం తెలుసురా. కట్టించిన దొర పేరు పలక మీద చెక్కారు గానీ, మోసినోళ్ల పేర్లు ఎవుళ్లూ రాయలా."

"మరి నాకెందుకు అబద్ధం చెప్పావు?"

"ఆదివారమొస్తే హాస్టలు పిల్లలందరికీ చుట్టాలొచ్చేవోళ్లు. నువ్వొక్కడివే మెట్ల మీద కూచునేవోడివి. అమ్మానాన్నల్ని నేనేడ తెచ్చేది? ముత్తవ్వనన్నా ఇద్దామనుకున్నా."

చంకలో గోనెసంచి కింద పెట్టాను. "మిగతా ముప్పై ఆరు మందికో?"

"ఆ రోజు నీ మొహం చూశాక ఇంక ఊరుకోలేకపోయా."

"మరి ఆ కొలతలన్నీ దేనికి?"

"పోంగనే రాయి దగ్గరికి తీసకపోతే అనుమానమొస్తది గదరా."

ఆ రోజు మందిరం పడగొడుతున్నప్పుడు తాత బయటికి రాలేదు. దెబ్బ దెబ్బకూ ఉలిక్కిపడుతుంటే పక్కన నేను కూర్చున్నాను. ఆ ఒక్క రాయినీ కొత్త మందిరం గుమ్మం పక్కన, తొమ్మిదేళ్ల పిల్లలకు అందే ఎత్తులో పెట్టించాను. ముప్పై ఏడు మందిమీ దాన్ని ముట్టుకునే లోపలికి పోతాం, మైకు చూడటానికొచ్చే సర్దార్‌తో సహా.

మొన్న తాత కర్ర ఊతంతో వచ్చాడు. రాయి తడిమి, "గోడ మందమెంత?" అన్నాడు.

"తొమ్మిదంగుళాలు."

"అదీ ఒక గోడేనా" అని మొహం తిప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే, పాత మందిరం పోయింది, ఇక భయం లేదనుకున్నాడేమో, మస్తాన్‌రావు గ్యాస్ బండతో మా వీధిలోకి తిరిగాడు. తాత కళ్లు మెరిశాయి.

"మస్తాన్‌రావూ, బండ దించయ్యా. నీకొకటి చూపియ్యాల."