రాక్షసుల కాళ్ల కింద కందిపప్పు రాళ్లు

నాకు ఓపిక లేదని మా అమ్మ కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేటలో మా వీధి మొత్తానికీ చెప్పిపెట్టింది. అందులో అబద్ధమేమీ లేదు. కుక్కరు మూడో కూత వేసేదాకా ఆగలేను, బస్సు పూర్తిగా నిలిచేదాకా సీట్లో కూర్చోలేను. అలాంటిదాన్ని, బొటనవేలంత రాక్షసుడి కంట్లో నల్లచుక్క పెట్టడానికి ఊపిరి బిగబట్టి గంటసేపు కూర్చుంటానంటే ఆమె ఇప్పటికీ నమ్మదు. ఒకసారి వీడియో కాల్‌లో చూపించాను. ఆ గంట వంటింట్లో పెట్టి ఉంటే ఎన్ని పనులయ్యేవో వరసగా చెప్పింది.

ఈ పిచ్చి బెంగళూరు ఆఫీసులో పట్టింది. కేజీఎఫ్ నుంచి రోజూ రైల్లో పోయి వచ్చే రోజులవి. మా టీములో కొందరు శనివారాలు ఒక పెద్ద బల్ల చుట్టూ చేరి యుద్ధం ఆడేవాళ్లు. ఒకవైపు పచ్చటి రాక్షసుల మూక, ఇంకోవైపు కవచాలు తొడిగిన వీరులు, అన్నీ ప్లాస్టిక్ బొమ్మలే. టేపుతో దూరం కొలిచి సైన్యాన్ని జరుపుతారు, పాచికలు వేసి ఎవరు చచ్చారో తేల్చుకుంటారు. ఆట నాకు ఎక్కలేదు. ఓడితే నాకు కోపం, గెలిస్తే వాళ్లకు కోపం. కానీ ఆ బొమ్మలు బూడిదరంగు ముక్కలుగా డబ్బాలో వస్తాయనీ, అతికించి రంగులు వేసుకునేది ఆడేవాళ్లేననీ తెలిసిన రోజు నా పని అయిపోయింది. ఒకాయన చెయ్యి విరిగిన రాక్షసుణ్ణి ఇచ్చి, పాడైనా పరవాలేదు, వేసి చూడమన్నాడు. పాడుచేశాను. ఇంకొకటి అడిగాను.

పెళ్లయి కోలారు వచ్చాక ఆఫీసు పని ఇంటినుంచే. మా అత్తగారిది బజారులో ధాన్యం అంగడి. కింద అంగడి, దాని వెనక వంటిల్లు, మేడమీద మేము. మామగారు లేరు. పెత్తనం అత్తమ్మది, తక్కెడ మా ఆయనది, ఫోన్లో వచ్చే ఆర్డర్లు చూసుకోవడం నాది. మేడమీద కిటికీ పక్కనున్న చిన్న బల్ల మాత్రం అచ్చంగా నాదే.

రంగులు వేయడంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ముందు మిద్దెమీద బొమ్మలకు నల్ల ప్రైమరు స్ప్రే కొట్టాలి. గాలి వీచే రోజు కొడితే బజారు దుమ్మంతా అంటుకుని రాక్షసుల ఒళ్లంతా పొక్కులు లేస్తాయి. తర్వాత ఒంటికి పచ్చ, తోలుకు గోధుమ, ఇనుముకు వెండి, పలచగా రెండేసి సార్లు. తొందరపడి ఒకేసారి చిక్కగా పూస్తే మొహంమీది ముడతలు పూడిపోయి రాక్షసుడు పెళ్లికొడుకులా తయారవుతాడు. ఆపైన నీళ్లలాంటి ముదురు రంగు వదిలితే అదే సందుల్లోకి జారి నీడ అవుతుంది. దాన్ని వాష్ అంటారు. చివర్లో కుంచెను గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు ఎత్తుగా ఉన్నచోట్ల తాకీ తాకనట్టు రుద్దితే వెలుగు పడినట్టుంటుంది. మా ఎండలకు రంగు కుంచెమీదే ఎండిపోతుంది కాబట్టి పాత టిఫిన్ డబ్బాలో తడి స్పాంజీ పెట్టి, దానిమీద బేకింగ్ కాగితం పరిచి, ఆ కాగితం మీదే రంగులు కలుపుకుంటాను.

ఇవన్నీ పట్టుబడ్డాయి. నాకు చేతకానిది నేల. ప్రతి బొమ్మా ఒక గుండ్రటి బిళ్లమీద నిలబడుతుంది. దాన్ని బేస్ అంటారు. వాడు అడవిలో ఉన్నాడా, గుట్టమీద ఉన్నాడా అన్నది ఆ బిళ్లమీద మనం కట్టిన నేలను బట్టే తెలుస్తుంది. వాడేసిన టీపొడి ఎండబెట్టి అడవి మట్టి చేశాను. కొబ్బరిపీచు కత్తిరించి ఎండుగడ్డి చేశాను. పట్టుగూడు మీది నూగు లాగి సాలెగూడు కూడా చేశాను. రాళ్ల దగ్గర మాత్రం ఓడిపోయాను. కొన్న ఇసుకంతా ఒకే సైజు, ఒకే రంగు. నా రాక్షసులు ఉప్మా మీద నిలబడ్డట్టుండేవాళ్లు.

అప్పుడు నా కన్ను అత్తమ్మ చేటమీద పడింది. మిల్లు పప్పులో రాళ్లు రావు. కానీ మా అంగడికి వచ్చేవాళ్లు సుగటూరు వైపు రైతులు తెచ్చే కందిపప్పూ ఉలవలే అడుగుతారు. కళ్లంలో ఎత్తిన గింజలో రాయి ఉండక తప్పదు. వాటిని అత్తమ్మ వెనక గదిలో కూర్చుని చెరిగి, పళ్లెంలో పరిచి, ఒక్కొక్క రాయే ఏరేస్తుంది. పెళ్లయి వచ్చిన నాటినుంచీ, అంటే నలభై ఏళ్లుగా, దినమూ అదే పని. ఆ అంగట్లో కొన్న పప్పును చూడకుండా కడిగి పొయ్యిమీద పెట్టేయొచ్చని ఊళ్లో పేరు. ఏరిన రాళ్లను పొట్లం కట్టి సాయంత్రం వెనక కాలువలో పారేస్తుంది. అంగడికి వచ్చినవాళ్ల కంట రాయి పడకూడదని ఆమె నియమం.

ఆ పొట్లాలు నాకివ్వమని అడిగాను. కందిపప్పులోవి ఎర్రగా, ఉలవల్లోవి నల్లగా, మధ్యమధ్య తెల్లటి పలుగురాళ్లు. ఆవగింజంత మొదలుకొని బియ్యపుగింజంత దాకా ఉంటాయి. నా రాక్షసుల ఎత్తుకు అవే బండరాళ్లు. రంగు కూడా అక్కర్లేదు, ఒక వాష్ చాలు. అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"తీసుకోమ్మా. మన అంగట్లోవని మాత్రం బయట మాట పోకూడదు."

అలాగే అన్నాను. నిజానికి నా మనసు ఇంకోచోట ఉంది. నేను కోడలిగా వచ్చిన ఈ నాలుగేళ్లలో ఆమె ఒక్కసారి కూడా మేడెక్కి నా బొమ్మల్ని చూడలేదు. ఈ రాళ్ల వంకతోనైనా చూస్తుందేమోనని ఆశపడ్డాను.

బెంగళూరులో మా రంగులవాళ్ల పోటీ ఒకటి ఉంది. దానికోసం నాయకుడితో కలిపి ఇరవై ఒక్క రాక్షసుల్ని తయారు చేశాను. పోటీ ఆదివారమనగా సోమవారంనాడు నాయకుడి కళ్లు కూడా పూర్తయ్యాయి. ఆ సంతోషంలో ఫోటో తీసి మా గుంపులో పెట్టాను. ఏ పచ్చ వాడారు, నేల దేనితో కట్టారు అన్నది దాచుకోకుండా చెప్పడం ఈ కళలో మర్యాద. ఆ మర్యాద కొద్దీ కింద రాశాను: రాళ్లు మా సొంత అంగడి కందిపప్పులోవి. అంతటితో ఊరుకున్నా బాగుండేది. అదే ఫోటోను, అదే మాటతో, నా ఫోన్ స్టేటస్‌లో కూడా పెట్టాను. మా అంగడి ఆర్డర్లన్నీ ఆ ఫోనుకే వస్తాయి. పప్పులో కాలేశానని తెల్లారేదాకా నాకు తట్టనేలేదు.

మరుసటిరోజు పొద్దున్నే ఒక మేష్టరు వచ్చారు. రిటైరైన మనిషి, ముప్పై ఏళ్లుగా మా కందిపప్పే తింటున్నారు. అంగట్లో మరో నలుగురు ఉండగా నా స్టేటస్ పైకి చదివి, అత్తమ్మతో అన్నారు: "ఏమ్మా, రాక్షసులకు పెట్టినాక మిగిలిన రాళ్లు మాకేనా?"

అందరూ నవ్వారు. ఆయన వేళాకోళానికే అన్నారు, ఆయన నోరే అంత. అత్తమ్మ నవ్వలేదు, లేచి లోపలికి వెళ్లింది. నేను పరుగెత్తి స్టేటస్ తీసేశాను. నాకంటే ముందు అది ఊరి చివర తమక దాకా పోయింది. మధ్యాహ్నం ఒకావిడ వచ్చి పిడికెడు పప్పు తీసి, అరచేతిలో పరిచి, వేలితో అటూ ఇటూ కదిపి చూసింది. మా అంగట్లో అలా చూసి కొనడం నేనెప్పుడూ ఎరగను.

మొదట నాకు రోషమే వచ్చింది. ఇంతకీ నేను చేసిన నేరమేమిటి? ఉన్న మాటే కదా రాశాను. మా ఆయన్ని అడిగితే, నువ్వు రాయకుండా ఉండాల్సింది, వాళ్లు నవ్వకుండా ఉండాల్సింది అన్నాడు. ఆ మనిషి ఏ విషయాన్నైనా తక్కెడలో పెట్టి రెండువైపులా సమానం చేశాకే మాట్లాడతాడు. అత్తమ్మ దగ్గరికి పోయి, తప్పయిపోయిందన్నాను. సరేలే అంది. ఆ తర్వాత మూడు రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. కంచంలో అన్నం మాత్రం ఎప్పటిలాగే వడ్డించింది, అది ఇంకా కష్టంగా ఉండింది.

గురువారం వెనక గదిలోకి తొంగిచూశాను. అమ్మకానికి సిద్ధంగా పెట్టిన పప్పు బస్తా విప్పుకుని, ముందే ఏరిన పప్పును మళ్లీ పళ్లెంలో పరిచి ఏరుతోంది. ఒక్క రాయీ దొరకడంలేదు. అయినా ఏరుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె నలభై ఏళ్లు కాపాడుకున్న పేరును నేను ఒక్క ఫోటోతో పోగొట్టాను. నా రోషమంతా అక్కడే దిగిపోయింది.

శుక్రవారం ఆఫీసు పని కాగానే బ్లేడు తీసుకుని బేసులమీది రాళ్లు గీకడం మొదలుపెట్టాను. ఇన్నాళ్ల కష్టం పోతే పోయింది. ఆరో రాక్షసుడి కాళ్లకింద గీకుతుండగా మెట్లమీద చప్పుడైంది. అత్తమ్మ. మోకాళ్లు పట్టుకుని మేడెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం చేస్తా ఉండావు?"

రాళ్లు తీసేస్తున్నానని, పోటీకి పోవడంలేదని చెప్పాను. ఆమె వచ్చి కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, నాయకుణ్ణి చేతిలోకి తీసుకుంది. వాడి మొహంమీద నేను పద్నాలుగు ఛాయల పచ్చ వేశాను. ఆమె మొహం వైపే చూడలేదు. కాళ్లకింద చూసింది.

"ఇది ఉలవల్లోది," అంది. వేలితో ఇంకో రాయి తాకి, "ఇది బ్యాళ్లలోది. ఇంత పెద్దది ఏరకుండా వదిలింటే ఎవురి పన్నో ఊడిపోయిండేది." ఆమె నోట కందిపప్పు ఎప్పుడూ బ్యాళ్లే.

తర్వాత మిగతావాటిని కూడా ఒక్కొక్కటే ఎత్తి చూసింది.  

"నలభై ఏండ్లు ఏరినాను," అంది చివరికి. "ఏరినేదంతా ఎవురికీ కనపడకుండా పారేసినాను. ఇంగ నేను ఏరినట్ల ఎవురికి తెలుస్తాది? పారేసినాక ఒకటి కూడా నాకే కనపడలేదు కదమ్మా, ఇన్ని దినాలూ."

నాకు ఏడుపొచ్చేసింది. ఆమెకు ఏడుపులంటే చిరాకు. గీకేసినవి ఇటు ఇమ్మని చెయ్యి చాపింది.

ఆరు బేసులూ ఆమె ముందు పెట్టి, జిగురు రాసిచ్చాను. నేనైతే పట్టకారుతో ఒక్కో రాయీ పట్టుకుని సమానంగా సర్దేదాన్ని. ఆమె అది చూసి, పొలంలో రాళ్లు ఎప్పుడైనా అలా వరసలో కూర్చుంటాయా అని అడిగింది. ఒక పెద్ద రాయిని పక్కకు ఒరిగేలా పెట్టి, దాని మొదట్లో చిటికెడు చిన్నవి వదిలి, వాటి చుట్టూ వేళ్లు నలుపుతూ దుమ్మంత సన్నవి రాల్చింది. ఒకవైపు నేలను ఖాళీగా వదిలేసింది. రాయి ఒంటరిగా పడదనీ, పిల్లల్ని వెంటబెట్టుకునే పడుతుందనీ చెప్పింది. నాలుగేళ్లుగా ఎన్నో వీడియోలు చూశాను, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

శనివారం పొద్దున నేను లేచేసరికి రాక్షసులు బల్లమీద లేరు. కిందికి పోతే తక్కెడ పక్కన, వచ్చిన ప్రతివాళ్ల కళ్లూ పడేచోట, ఇరవై ఒక్కరూ బారుతీరి ఉన్నారు.  అంతలో మేష్టరు వచ్చారు. బొమ్మల్ని చూసి ఏదో అనబోయారు. అత్తమ్మ ఆయనకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"చూడండి మేష్ట్రే. మీ పంటి కిందికి రాకుండా నేను ఏరిన రాళ్లు ఇవి."

ఆయన వంగి చూశారు. ముప్పై ఏళ్లలో పన్ను నొప్పని ఒక్కనాడూ అనలేదు కదా, అది కూడా చెప్పమంది అత్తమ్మ. ఆయన తల ఊపి, ఎప్పటిలాగే రెండు కేజీలు కట్టమన్నారు, సంచిలోకి చూడకుండానే పట్టుకుపోయారు. ఆ రోజు బొమ్మల కోసం ఆగిన ప్రతివాళ్లకూ ఆమె అదే మాట చెప్పింది. రాక్షసులు ఎవరు, ఎవరితో యుద్ధమని అడిగితే, అవి మా కోడలిని అడగండి, నాకు తెలిసింది కాళ్లకింద సంగతే అనేది.

ఆదివారం బెంగళూరు బస్సులో నా పక్కన అత్తమ్మ కూర్చుంది. నేను రమ్మనలేదు, పట్టుచీర కట్టుకుని తయారై కూర్చుంటే కాదనే ధైర్యం నాకు లేదు. ఒళ్లో బిస్కెట్ల రేకుడబ్బా. స్టీలు డబ్బాకు అయస్కాంతం పట్టదు, రేకుకు పడుతుంది. అందుకని బేసుల అడుగున చిన్న అయస్కాంతాలు అంటించి బొమ్మల్ని అందులో నిలబెడతాం. గతుకుల్లో ఒక్క రాక్షసుడూ పడలేదు.

బహుమతి రాలేదు. ముందే చెప్పేస్తే మంచిది. అక్కడివాళ్ల చేతిపని చూస్తే నాకే తెలిసిపోయింది, రాదని. మా వంతు రాగానే నిర్ణేత టార్చి వేసి వంగాడు. బెంగళూరు తెలుగువాడే. నాయకుడి కళ్లమీద, పద్నాలుగు పచ్చలమీద అతని చూపు అలా జారిపోయింది. అత్తమ్మ కట్టిన ఆరు నేలల దగ్గర మాత్రం ఆగింది. ఒక్కొక్కటీ ఎత్తి తిప్పి తిప్పి చూశాడు. ఇంత సహజంగా ఉన్న గులకరాళ్లు తను ఎక్కడా చూడలేదని, ఏ అంగట్లో దొరుకుతాయని అడిగాడు.

నేను నోరు తెరిచి, మూసుకున్నాను. ఒకసారి చెప్పి అనుభవించింది చాలు.

అత్తమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"మాది అంగడేనప్పా, కోలారు బజారులో ఉండాది," అంది. "బియ్యం, రాగులు, బ్యాళ్లు, ఉలవలు, ఏం కావాలన్నా దొరుకుతాయి. రాళ్లు మాత్రం దొరకవు."