జత దొరకని క్రోమోజోములు

మా అమలాపురం కాలేజీ బోటనీ మాస్టారు రోజూ మమ్మల్ని "ఒరే", "అమ్మాయ్" అనే పిలిచేవారు. "ఏవండీ" అన్నారంటే మండిపడుతున్నారని అర్థం.

తొంభైల్లో ఒక ప్రాక్టికల్ పరీక్షకి ఆయన కొత్త స్లైడు పెట్టారు. గోధుమకీ, ఏళ్ల తరబడి బతికే గోధుమగడ్డికీ పుట్టిన సంకరం అది. క్రోమోజోములు కొన్ని జంటలు కట్టాయి, మిగతావి ఒంటరిగా చెదిరి ఉన్నాయి. నేను కనిపించినట్టే గీశాను. మిగిలినవాళ్లు గైడులోని మామూలు గోధుమ బొమ్మ దించి, అన్నిటినీ జంటలుగా పేర్చారు.

బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు వాళ్లకి పూర్తి మార్కులు వేసి, "గజిబిజిగా ఉంది" అంటూ నా బొమ్మ కొట్టేశాడు. మైక్రోస్కోపు దగ్గరికే రాలేదు. కూర్చుని కొబ్బరి బొండం తాగుతున్నాడు.

మాస్టారు మైక్రోస్కోపు మోసుకొచ్చి ఆ బొండం పక్కనే పెట్టారు.

"ఆ మొక్కకి గింజ కట్టనివ్వనివి ఈ జత లేనివే కదా సార్! వీటినెక్కడ పారేయమంటారు? ఒక్కసారి కన్ను పెట్టండి."

"బస్సు టైమైపోయిందండీ," అని అతను లేచాడు.

ఆ బొండం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అతను గుమ్మం దాటగానే మాస్టారు మావైపు తిరిగారు.

"ఏవండీ, పూర్తి మార్కులొచ్చినవారు ఇలా రండి. మీరు గీసింది ఇందులో ఎక్కడుందో నాకూ కాస్త చూపించండి."