ఏకాదశి నీళ్లు

పొద్దున నిద్ర లేవగానే కొందరు దేవుడి పటం చూస్తారు, ఎక్కువమంది ఫోను చూస్తారు. నేను నా కాళ్లు చూసుకుంటాను. మంచం మీదే కూర్చుని, కుడికాలి ముందరి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, వేలు తీసి చూస్తాను. గుంట పడకపోతే తర్వాత మెట్టెల వంతు. రెండు మెట్టెలూ వేళ్ల చుట్టూ తేలిగ్గా తిరిగితే ఆ పూటకు బతికిపోయాననుకుని లేచి మొహం కడుక్కుంటాను.

మా అమ్మకు కిడ్నీలు పాడయ్యాయని మొదట ఆమె పాదాలే చెప్పాయి. వేలితో నొక్కితే గుంట పడి, పూడటానికి చాలాసేపు పట్టేది. తర్వాత మెట్టెలు వేళ్లలోకి దిగబడిపోయాయి. సబ్బు రాసి లాగినా రాకపోతే కంసాలిని ఇంటికి పిలిపించి కత్తిరించాల్సి వచ్చింది. మొగుడు కళ్లెదుట ఉండగానే మెట్టెలు తీయించుకోవడం అమ్మ తట్టుకోలేకపోయింది, మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ కత్తిరించిన చప్పుడు చాలా చిన్నది. ఇప్పటికీ గోళ్లు తీసుకునేటప్పుడు నాకది వినిపిస్తుంది. ఆ జబ్బు మొదలైనప్పుడు అమ్మకెంత వయసో ఇప్పుడు నాకంత.

నేను ఎమ్మిగనూరులో టీచరును. మా ఆయన ఆలూరులో ఉద్యోగం చేస్తూ శనివారాలు ఇంటికి వస్తాడు. మా నాయన మంత్రాలయం దగ్గర ఒక పల్లెలో గుడి అర్చకుడిగా ఉండేవాడు. అమ్మకు జబ్బు చేశాక, కర్నూలు ఆసుపత్రికి తిప్పడానికి నా దగ్గరైతే వీలుగా ఉంటుందని, పూజ దాయాదులకు అప్పగించి ఇద్దరూ మా ఇంటికి వచ్చేశారు. అమ్మ మా నడిమింట్లోనే పోయింది. నాయన ఇక్కడే ఉండిపోయాడు.

ఆ జబ్బులో సూదులూ మందులూ ఒక ఎత్తు, నీళ్లు ఒక్కటీ ఒక ఎత్తు. కిడ్నీలు పనిచేయనివాళ్లు దాహమేసినన్ని నీళ్లు తాగకూడదు, అవి ఒంట్లోనే నిలిచిపోతాయి. రోజుకు ఇంతేనని డాక్టరు కొలత చెప్పాడు. నాయన ఒక సీసాకు గీత గీసి, పొద్దున్నే ఆ గీత దాకా నింపి, అందులోంచి ఉద్ధరిణితో అమ్మ నోట్లో పోసేవాడు. గుళ్లో ఆయన జన్మంతా తీర్థం ఇచ్చిన చిన్న గరిటె అది. ఊరి జనానికి ఎలా మూడుసార్లు పోశాడో అమ్మకూ అలాగే మూడుసార్లు పోసి సీసాకు మూత పెట్టేసేవాడు. అమ్మ ఇంకా నోరు తెరుచుకునే ఉండేది. వీధిలో కొళాయి కింద ఎవరిదో బిందె నిండుతుంటే ఆమె తల అటు తిరిగేది. "ఎవురిది పాపా ఆ బిందె?" అని నన్నడిగేది. ఎవరిదైతే ఆమెకేం? ఆ చప్పుడు గురించి ఇంకో మాట మాట్లాడాలని అడిగేది, అంతే.

అమ్మ ద్వాదశినాడు తెల్లవారుజామున పోయింది. ముందురోజు నేను బడికి వెళ్లి సాయంత్రం వచ్చేసరికే ఆమెకు తెలివి లేదు. కార్యక్రమాలన్నీ అయ్యాక ఇల్లు సర్దుతుంటే ఆ సీసా అలమరలో కనిపించింది. నీళ్లు గీత దాకా అలాగే ఉన్నాయి. అలమరలో ఎందుకుందా అని ఆలోచించలేదు. చివరి రోజు అమ్మ ఒక్క చుక్క కూడా తాగలేదన్నమాట, దాహమే ఆమెను ముందుగా వదిలిపెట్టి పోయిందన్నమాట అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లుగా నన్ను నిలబెట్టింది ఆ నిండు సీసానే. అమ్మ తెరిచిన నోరు గుర్తొచ్చినప్పుడల్లా దాన్ని తలచుకుని మనసు సర్దుకునేదాన్ని.

మా ఇళ్లల్లో ఏకాదశినాడు అన్నమే కాదు, నీళ్లు కూడా ముట్టరు. మర్నాడు ద్వాదశి పొద్దున పారణ చేసేదాకా గొంతు తడవదు. అమ్మ జబ్బులో ఉన్నన్నాళ్లూ నాయనే ఆమెను వద్దన్నాడు. "రోగమొచ్చిన మనిషికి ఏకాదశి లేదు" అని, తాను ఉపవాసముండి కూడా ఉద్ధరిణి పట్టుకుని ఆమె పక్కన కూర్చునేవాడు. అమ్మ పోయాక ఆయనకొక కొత్త అలవాటు పట్టుకుంది. ఏకాదశి సాయంత్రం రాగిచెంబు నిండా నీళ్లు పట్టి, అమ్మ మంచం ఉండిన గోడ పక్కన మూతపెట్టి ఉంచుతాడు. తెల్లారి తులసికి పోస్తాడు. గుడివాళ్ల ఆచారాలకు అంతెక్కడిదిలే అని నేనెప్పుడూ అడగలేదు.

నా సంగతికి వస్తే, నాకు జబ్బు లేదు గానీ భయం నిండుగా ఉంది. బీపీ మిషన్ కొన్నాను. ఒకసారి చూసుకుంటే ఎక్కువ చూపిస్తుంది, ఎక్కువ ఉందే అని కంగారుపడి మళ్లీ చూసుకుంటే ఇంకా ఎక్కువ చూపిస్తుంది. "పాపం, దానిగ్గూడా బీపీ వస్తాది, రోంతసేపు దాన్నిడిసిపెట్టు" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పనిసరి. దానికి వారం ముందునుంచే నాకు అన్నం సహించదు, బడిలో పిల్లల మీద ఊరికే అరుస్తాను.

రక్తమివ్వడానికి మావాళ్లు ఎంచుకునే రోజు ద్వాదశి. ల్యాబువాళ్లు పరగడుపున రమ్మంటారు. ఎలాగూ నిన్నటినుంచి కడుపు మాడుతూనే ఉంది, వీళ్లకోసం ఇంకో రోజు మాడటం దేనికని, ఆ పొద్దునే చెయ్యి చాపి వచ్చి తర్వాత పారణకు కూర్చుంటారు. ద్వాదశినాడు బస్టాండు దగ్గరి ల్యాబుకు పోతే గోపీచందనం ముద్రలున్న చేతులు ఒకటో రెండో కనిపించాల్సిందే. పొదుపులో మావాళ్లను మించినవాళ్లు లేరు, ఉపవాసాన్ని కూడా వృథా కానివ్వరు. మొన్న వైశాఖంలో నేనూ అదే పని చేశాను. బయట నిప్పులు చెరిగే ఎండలు. రక్తం తీసే అమ్మాయి నరం దొరక్క రెండుచోట్ల పొడిచింది.

ఇంటికి వచ్చి పారణ చేసి, చేయి కడుక్కుంటుండగా ఫోన్లో రిపోర్టు వచ్చింది. షుగర్ బాగుంది. యూరియా ఎక్కువ. క్రియాటినిన్ ఎక్కువ. కిడ్నీల సంగతి చెప్పే ఆ రెండు అంకెలూ మిగతావాటికన్నా నల్లగా, లావుగా ఉన్నాయి. అమ్మ కాగితాల్లో మొదటిసారి ఇలాగే ఉన్నాయి. వంటింటి గడప మీదే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. వచ్చేసింది, ఇక ఎదురుచూసే పని లేదు అని మాత్రం అనిపించింది.

ఆ మధ్యాహ్నమే డాక్టరుకు చూపించుకుందామని ఆదోని బస్సెక్కాను. దారి పొడుగునా కాలు నొక్కుకుంటూనే ఉన్నాను. పక్కన కూర్చున్న పల్లెటూరి పిల్ల చూసి చూసి, "కాలు నొస్తాందా అక్కా?" అంది.

"లేదమ్మా, చూసుకుంటాండాను" అన్నాను.

"ఏం చూసుకుంటాండావు?"

నేను చీర కుచ్చెళ్లు కిందికి లాక్కున్నాను. కిటికీలోంచి వేడిగాలి మొహానికి కొడుతోంది. ఆ గాలిలో కూడా నాకు అమ్మ మంచం దగ్గరి వాసన, డెట్టాలూ తడి దుప్పటీ కలిసిన వాసన, తెలుస్తూనే ఉంది.

ఆదోనిలో డాక్టరు రిపోర్టు చూసి, అమ్మ సంగతంతా విని, ముందురోజు ఏం తిన్నానని అడిగాడు. ఏకాదశి, ఏమీ తినలేదన్నాను.

"నీళ్లు?"

"తాగలేదు సార్. మాకు ఆచారం లేదు."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ల్యాబువాళ్లు తిండి మానుకోమన్నారా, నీళ్లు కూడా మానుకోమన్నారా? ఈ ఎండల్లో ఒకటిన్నర రోజు చుక్క నీళ్లు లేకుండా ఉంటే ఈ అంకెలు పెరగొచ్చు. అందువల్లే పెరిగాయా, నిజంగానే ఏమైనా ఉందా అనేది ఇప్పుడే చెప్పలేను. మీ అమ్మగారి విషయం ఉంది కాబట్టి కొట్టిపారేయను కూడా. బాగా నీళ్లు తాగి, రెండు వారాల తర్వాత మళ్లీ రక్తమివ్వండి."

బాగా నీళ్లు తాగమని ఆయన చాలా తేలిగ్గా అనేశాడు. గ్లాసు ఎత్తితే చాలు, నడిమింటి గోడవైపు నుంచి ఎవరో చూస్తున్నట్టే ఉండేది. రెండు గుక్కలు లోపలికి పోయేవి, మూడోది గొంతులో ఆగేది. బాటిల్ బడికి తీసుకుపోయి స్టాఫ్‌రూములో తాగేదాన్ని. అక్కడా ఎవరైనా కొళాయి తిప్పితే నా తల అటే తిరిగేది. అమ్మలాగే తిరుగుతోందని తెలిసి బాటిల్‌కు మూత పెట్టేసేదాన్ని. నా లోపల ఉన్నది జబ్బో, అమ్మో నాకు తెలియకుండా పోయింది.

నాయనకు రిపోర్టు సంగతి ఆ రోజే చెప్పాను. అప్పటినుంచి నేను నడుస్తుంటే ఆయన చూపు నా పాదాల మీదే ఉండేది.

రెండు వారాలు నిండే రోజు క్యాలెండర్లో చూస్తే మళ్లీ ఏకాదశి. ఒకటి రెండు రోజులు ఆగి పోవచ్చు, ఆగే ఓపిక నాకు లేదు. నీళ్లు తాగకుండా పోతే పాత కథే. వంటింట్లో తలుపు చాటున గబగబా తాగేసి పోదామనుకుని లేచాను. తీరా వెళితే నాయన అప్పటికే అక్కడున్నాడు. స్నానం చేసి, ముద్రలు వేసుకుని, రాగిచెంబు నిండా నీళ్లతో నిలబడ్డాడు.

"తాగి పో తల్లీ" అన్నాడు.

"ఏకాదశి నాయనా."

"తెలుసు. దేవుడేమీ అనుకోడు. అనుకుంటే నన్నే అనుకోనీ. నువ్వు తాగు."

నాకు ఊహ తెలిశాక ఆయన నోట అలాంటి మాట వినలేదు. నేను తాగుతుంటే నా గొంతు కదలడమే చూస్తూ నిలబడ్డాడు. సగమయ్యాక దించబోతే, "ఇంగా ఉండాయి" అన్నాడు.

ఆదోనిలో రక్తమిచ్చి, ల్యాబు బెంచీ మీదే కూర్చున్నాను. రెండోసారి పేరు పిలిచాక వెళ్లి కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన చూసి నవ్వాడు. యూరియా తగ్గింది, క్రియాటినిన్ తగ్గింది, అంతా ఉండాల్సినచోటే ఉంది. ఉపవాసముంటే ఉండండి గానీ నీళ్లు మానొద్దు, ఏడాదికోసారి చూపించుకోండి అన్నాడు. బస్సులో నాకు నిద్ర పట్టేసింది. కాలు నొక్కుకోవడం మర్చిపోయాను.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నాయన నడిమింట్లో గోడ పక్కన చెంబు పెట్టి, దానికెదురుగా కూర్చుని ఉన్నాడు. ఏమీ లేదంట నాయనా, నీళ్లు తాగక అలా వచ్చిందంట అన్నాను. ఇంకోసారి చెప్పమన్నాడు, చెప్పాను. నన్ను కూర్చోబెట్టి, తానే నా కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి, వేలు తీసి, కళ్లు దగ్గరికి తెచ్చి చూశాడు. గుంట పడలేదు. చెయ్యి అక్కడే ఉంచి అన్నాడు.

"ఆ పొద్దు శానాసార్లు అడిగిందమ్మా."

"ఎవరు?"

"మీ యమ్మ. నువ్వు బడికి పోయినావు. కాళ్లు సల్లబడ్తాండాయి, పోతాదని నాకు తెలిసిపాయ. ఆ దినం ఏకాదశి. రోగమొచ్చేదాకా ఒక్కటీ తప్పని మనిషి, ఆఖరుదన్నా తప్పకుండా పోతే మంచి లోకానికి పోతాదని... రేపు పారణకు ఇస్తాలే అన్నా. సరే అనింది. రోంతసేపుంటే మళ్లా అడిగింది. సీసా కండ్లకు కనపడకుండా అలమరలో పెట్టినా."

నేను గోడ పక్కన చెంబు వైపు చూశాను.

"మంచి లోకానికి పోయిందో లేదో నాకెవురు సెప్తారు? దప్పికతో పోయిందని మాత్రం తెలుసు" అన్నాడు.

కోపం వచ్చింది. ఆ ముసలి చేతిని విదిలించి కొట్టాలన్నంత కోపం. ఇన్నేళ్లు నేను పట్టుకుని బతికిన నిండు సీసాను ఈయన రెండు మాటలతో నా చేతిలోంచి లాగేసుకున్నాడు. తల ఎత్తి చూస్తే, నిన్న రాత్రినుంచి చుక్క నీళ్లు లేక ఆయన పెదవులు పగిలి, మూలల్లో తెల్లగా కట్టి ఉన్నాయి. అమ్మ పెదవులు కూడా అలాగే ఉండేవి.

లేచి, గోడ పక్కన చెంబు తీసుకున్నాను. మూత తీసి, అమ్మ మంచం ఉండినచోట కింద కూర్చుని, ఆయన చూస్తుండగా తాగాను. ఈసారి మూడో గుక్క గొంతులో ఆగలేదు. చివరి చుక్క దాకా తాగి చెంబు కింద పెట్టాను.

నాయన ఖాళీ చెంబులోకి తొంగి చూశాడు. "ఇంగా కావల్నా?" అని అడిగాడు.

నాకు దాహం లేదు. "కావాలి నాయనా" అన్నాను.

ఆయన గోడ పట్టుకుని లేచి, చెంబు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, నీళ్లు నింపుకుని వచ్చాడు.