బాబాయి ఎంచుకున్న హెడ్డు

చనిపోయే ముందు ఆదివారం బాబాయి తన ముసలి టూ స్ట్రోక్ బండికి ఇంజిన్ మీద మూతలా ఉండే సిలిండర్ హెడ్డు కొత్తది బిగించి, చేతులు తుడుచుకుంటూ పిన్నిని పిలిచాడు.

"ఇలా రా. ఒక్క తన్ను తన్ను."

"మిమ్మల్నా, బండినా?"

"ముందు బండిని. నా సంగతి తర్వాత చూద్దువుగాని."

పిన్ని విసుక్కుంటూనే కిక్ మీద కాలేసింది. బండి ఒక్క తన్నుకే లేచి, వంటింటి కిటికీలోకి పొగ ఊదింది.

పాత హెడ్డు పగిలాక కంపెనీది దొరకలేదు. బయటివాళ్లు చేసినవి రెండు రకాలున్నాయి. ఒకటి లోపలి గాలిని గట్టిగా నొక్కుతుంది. దాంతో బండి దూసుకుపోతుంది కానీ, కిక్ కొట్టేసరికి మోకాలు మొర్రో అంటుంది. రెండోదానికి పరుగు తక్కువ, కిక్ తేలిక. బాబాయి నెలంతా కంచం ముందు కూడా మొదటిదాన్నే పొగిడి, తీరా కొట్టుకెళ్లి రెండోది పట్టుకొచ్చాడు.

"పులిలా వెళ్లి పిల్లిలా వచ్చావేం బాబాయ్? వయసైపోయిందని ఒప్పేసుకోరాదూ?" అన్నాను.

"నోర్ముయ్యరా," అని నవ్వాడు.

ఆ వారంలోనే నిద్రలో పోయాడు.

పిన్నికి బండితో పనేముందని, అమ్మిపెట్టమని, బాబాయి ఆ హెడ్డు కొన్న కొట్టు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను సీటు మీద చెయ్యేసి తల అడ్డంగా ఊపాడు.

"అమ్మకండి సార్. 'స్పీడు నాకెందుకయ్యా, మా ఆవిడ కాలికి లొంగేది ఇవ్వు' అని అడిగి మరీ ఈ హెడ్డు తీసుకున్నారు. పెళ్లైన కొత్తలో ఆవిడకి బండి నేర్పిస్తానని మాటిచ్చారట."