పాలపుంతకు పక్కిల్లు

బెల్లం పొట్లం విప్పితే చాలు, చెరకు పిప్పి పొగా, కాగే రసం తీపీ కలిసిన మా ఐరాల గానుగ వాసన వస్తుంది. ఒకప్పుడు వెంటనే పొట్లం మూసేసేదాన్ని. ఇప్పుడేమీ అనిపించదు. వంట ముగించి బడికి పోతాను, పిల్లలకు సైన్సు చెబుతాను.

నేను తొమ్మిదో తరగతి చదివే ఏడు, చలికాలం గానుగాడుతూ నాయన రసం కాగే పెద్ద పెనంలో తెడ్డు తిప్పుతుంటే, నురగంతా నడుమ ముద్దగా చేరి చుట్టూ తోకలు తోకలుగా మెలి తిరిగేది. చిత్తూరు సైన్సు ఫేరుకు నేను నల్లగుడ్డ మీద బంక రాసి, ముగ్గుపిండి చల్లి చేస్తున్న పాలపుంత అచ్చం అదే. పక్కన దానికంటే పెద్దదైన ఆండ్రోమెడా గెలాక్సీ, ఓ మూలన మూడోది, చిన్న గెలాక్సీ.

గానుగ దగ్గరికి వచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపకూడదని మా వైపు ఆచారం. దారిన పోయేవాళ్ళు కూడా ఆకులో వేడి బెల్లం పెట్టించుకుని పోయేవాళ్ళు. రానిది పక్కింటి చిన్నాయన ఒక్కడే. బావి వాటా దగ్గర మాట పెరిగి అన్నదమ్ములకు ఆరేళ్ళుగా మాటల్లేవు, ఇళ్ళ నడుమ ముళ్ళకంచె. అయినా ఏటా తొలి పెనం దించగానే నాయన ఒక ముద్ద అరిటాకులో చుట్టి పక్కన పెట్టేవాడు. “వానికి కాళ్ళు లేవా? రానీ” అనేవాడు. చిన్నాయనకూ అదే పంతం. ముద్ద చీమల పాలయ్యేది.

ఆ సాయంత్రం నాయన నా గుడ్డ ముందు గొంతుక్కూర్చున్నాడు.

“ఈ పెద్దది యాడిది పాపా?”

“మన పక్కదే నాయనా. రెండూ దగ్గిరికి వస్తా ఉండాయి. కలిసేదానికి కోట్ల ఏండ్లు పడతాదంట.”

“ముందు ఏది కదిలింది?”

“రెండూ కదల్తానే ఉండాయి.”

లేచి, పక్కన పెట్టిన అరిటాకు ముద్ద తెచ్చాడు. “పోయి మీ సిన్నాయనకు ఇచ్చిరా. నేనే పంపినానని సెప్పు.”

నా చేతులనిండా బంక. మూడోది ఇంకా ఆరలేదు. “రేపిస్తాలే నాయనా” అన్నాను. సరేలే అన్నాడు.

తెల్లారేసరికి కంచె అవతల ఏడుపులు. పాలు పిండుతూ పిండుతూనే చిన్నాయన ఒరిగిపోయాడట. నాయన ముళ్ళకంప చేతులతో లాగి పారేసి దూరాడు. అరచేతుల నిండా రక్తం. ఆకు ముద్ద మా గూట్లో అట్లే ఉంది. నాయన నన్ను ఒక్క మాట అనలేదు, ఎన్నడూ అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

గానుగ పోయింది, అక్కడిప్పుడు మామిడితోట. కంచె ఉన్నచోట సిమెంటు దారి. నాయనా లేడు. ఆండ్రోమెడా ఇరవై లక్షల కాంతి సంవత్సరాలకు పైనే అని క్లాసులో తడబడకుండా చెబుతాను. మా గడపకూ చిన్నాయన గడపకూ ఇరవై అడుగులు. ఆ సాయంత్రం బంక చేతులతోనే పోయి ఇచ్చి రాగలిగే దూరం.